నడకే కదా అన్నారు

రాత పరీక్ష ఫలితాలు వచ్చిన పొద్దున సోడె వనజ నీళ్ల ట్యాంకు మెట్ల మీద కూర్చుని ఉంది. గూడెంలో ఫోను సిగ్నలు నిలకడగా అందేది అక్కడే. జాబితాలో తన నంబరు కనబడింది. ఆమె కేక పెట్టలేదు. ఫోను ఆపేసి, మళ్లీ వేసి, ఇంకోసారి చూసుకుంది. అప్పుడు లేచి ఇంటికి నడిచింది.

ములకలపల్లి మండలంలో అడవిని ఆనుకుని ఉన్న ఆ కోయగూడెం నుంచి సర్కారు కొలువు అంచుదాకా వెళ్లిన మొదటి ఆడపిల్ల ఆమే. అదీ ఫారెస్ట్ బీట్ ఆఫీసరు కొలువు. పోడు చేను దగ్గర బీట్ ఆఫీసరు బండి చప్పుడు వినబడితే చాలు, వనజ తండ్రి బొజ్జయ్య గొడ్డలి పొదలో దాచి చేతులు కట్టుకుని నిలబడేవాడు. అలాంటివాడు ఆ రోజు వాకిట్లో మంచం వాల్చుకుని కూర్చుని వచ్చినవాళ్లందరితో ఒకటే మాట.

"ఇగ నా బిడ్డకే మొక్కాల్నేమో. అమ్మా, ఈ ఒక్క మొద్దు కొట్టుకుంటనే అని."

వనజ అన్న రాంబాబు పాల్వంచ థర్మల్ కేంద్రంలో కాంట్రాక్టు కూలీ. కబురు తెలిసేసరికి నైట్ షిఫ్టు దిగుతున్నాడు. ముఖాన బొగ్గు మసి అలాగే ఉండగా బండి వేసుకుని వచ్చేశాడు.

"రాతనే కష్టమన్నరు. అది అయిపాయె," అన్నాడు చెల్లెలి తల నిమురుతూ. "ఇగ మిగిలింది నడకే కదా!"

ఆ ఉద్యోగానికి ఆడవాళ్లు నాలుగు గంటల్లో పదహారు కిలోమీటర్లు నడిచి చూపించాలి. పరుగు అక్కర్లేదు, దూకడం అక్కర్లేదు. నడిస్తే చాలు.

"కోయోళ్లకు నడక పరీక్షేందిరా!" అన్నాడు బొజ్జయ్య. "చేపపిల్లకు ఈత పరీక్ష పెట్టినట్టు."

అందరూ నవ్వారు. వనజ తల్లి ముత్తక్క కూడా నవ్వింది. వనజ నవ్వింది కానీ, ఆ నవ్వులో కొంచెం ఆలస్యం ఉంది.

వనజ పుట్టినప్పుడు పెదవులు నేరేడు పండు రంగులో ఉండేవి. ఏడిస్తే గోళ్లు కూడా నల్లబడేవి. నడక వచ్చాక నాలుగడుగులు వేసి గొంతుక్కూర్చునేది. కాసేపు మోకాళ్లు కడుపుకు ఆనించుకుని అలాగే ఉండి, ఊపిరి కుదుటపడ్డాక మళ్లీ లేచేది. గూడెంలో పూజలు చేసే వడ్డె కోడిని కోసి మొక్కు చెల్లించాడు. ఏ మార్పూ లేదు. ఆశ్రమ పాఠశాలలో చేర్చిన ఏడు, పిల్లలను చూడటానికి వచ్చిన డాక్టరు ఒకాయన ఆమె ఛాతీ మీద గొట్టం పెట్టి, తీసి, మళ్లీ పెట్టి చాలాసేపు విన్నాడు. గుండెలో రంధ్రం ఉందన్నాడు. ఊపిరితిత్తులకు రక్తం పోయే దారి ఇరుకుగా ఉందన్నాడు. వానాకాలం. వాగు పొంగి బస్సు రావడం లేదు. బొజ్జయ్య పిల్లను భుజాల మీద ఎక్కించుకుని, ఛాతీలోతు నీళ్లలో వాగు దాటి రోడ్డెక్కాడు. అక్కడి నుంచి భద్రాచలం, భద్రాచలం నుంచి హైదరాబాదు. ప్రభుత్వ పథకం కింద ఆపరేషను జరిగింది.

తిరిగొచ్చిన పిల్ల పెదవులు ఎర్రగా ఉన్నాయి. గూడెమంతా వచ్చి చూసిపోయింది. గుండె బాగైపోయిందని ముత్తక్క అందరికీ చెప్పింది. ఏటా ఒకసారి తెచ్చి చూపించమని హైదరాబాదులో చెప్పారు. రెండేళ్లు తీసుకెళ్లారు. మూడో ఏడు పత్తి ఏరే పని మీద పడింది, ఆ పై ఏడు గోదావరికి వరద వచ్చింది. ఆ తర్వాత, ఆడుతూ పాడుతూ తిరిగే పిల్లను అంతదూరం దవాఖానాకు ఎందుకు తిప్పడమని పెద్దవాళ్లే అన్నారు. అందులో ఎవరికీ తప్పు కనబడలేదు.

నిజానికి వనజ ఆడుతూ పాడుతూ తిరిగినట్టు కనబడేది, అంతే. ఆగడంలో ఆమెకు గొప్ప నేర్పు ఉండేది. ఇప్పపూలకు పోతుంటే గుట్ట ఎక్కే చోట చెప్పు తెగిందని వంగేది. ఒకచోట ముల్లు గుచ్చుకునేది. ఇంకోచోట పిట్టను చూపించి "అదేం పిట్టనే?" అని అడిగేది. ఎవరికీ అనుమానం రాకుండా రెండు నిమిషాలు సంపాదించుకునేది. బడిలో కబడ్డీకి పిలిస్తే లెక్కలు చేసుకోవాలనేది. అందుకే లెక్కలు బాగా వచ్చాయేమో కూడా.

నడక పరీక్షకు సాధన మొదలైంది. పక్క తండా అమ్మాయి సంగీత కూడా రాత పరీక్ష గట్టెక్కింది. ఇద్దరూ తెల్లారకముందే తారురోడ్డు మీద కలుసుకునేవాళ్లు. డ్యూటీ లేని రోజు రాంబాబు వెనకాల బండి మీద నెమ్మదిగా వస్తూ అదిలించేవాడు.

సంగీత నడిచినంతసేపూ వాగుతూనే ఉండేది. వాళ్ల వదిన సంగతి, చూసిన సినిమా, కొలువొస్తే కొనుక్కోబోయే స్కూటీ రంగు. వనజ తల ఊపేది. ఒకరోజు సంగీత చటుక్కున ఆగింది.

"ఏమే, నువ్వసలు మాట్లాడవేంది? నా మీద కోపమా?"

వనజ చేత్తో కాదని సైగ చేసింది. జవాబు చెప్పడానికి ఊపిరి లేదు. గుండె గొంతులో కొట్టుకుంటోంది. ఆమె బాగా తేరుకున్నాక "నడుసుడా, మాట్లాడుడా, ఏదో ఒకటే నాతోని అయితది" అని నవ్వేసింది. సంగీత కూడా నవ్వి ఊరుకుంది.

రోజులు గడిచేకొద్దీ సంగీత నడక వేగం పుంజుకుంది. వనజది మొదటి గంట బాగానే ఉండేది, ఆ తర్వాత ఎంత తోసినా సాగేది కాదు.

"నీకు పట్టుదల లేదే," అన్నాడు రాంబాబు విసిగిపోయి. "చిన్నప్పట్నించి గంతే. కొంచెం ఆయాసం వస్తె కూసుంటవ్. ఎవరికి రాదే ఆయాసం? నాకు రాదా? బొగ్గు బెల్టు కాడ మెట్లెక్కి దిగుతుంటె నా పానం పోతది. ఓర్చుకోవాలె."

అన్న చెప్పింది నిజమేననుకుంది వనజ.

ఆ వారంలోనే ఒక పొద్దున, ముత్తక్క పెసర చేలోంచి రోడ్డు వైపు చూసింది. ఎత్తు ఎక్కే చోట, రోడ్డు పక్కన, కూతురు గొంతుక్కూర్చుని ఉంది. మోకాళ్లు కడుపుకు ఆనించుకుని, తల మోకాళ్ల మీద పెట్టుకుని. ఇరవయ్యేళ్లకు పైగా ముత్తక్క మరిచిపోయిన ఆ కూర్చోవడం. చేతిలో పెసర కాయలు అక్కడే పారేసి గట్టు మీదుగా ఉరికింది.

"లే బిడ్డా. ఇంటికి పోదాం."

"ఏం కాలే అమ్మా. జర అలిసిన."

"నాకు చెప్పకు. గట్ల ఎప్పుడు కూసుంటవో నాకెరుక."

మర్నాడు ముగ్గురూ, బొజ్జయ్య, రాంబాబు, వనజ, బస్సులో ఖమ్మం వెళ్లారు. ముత్తక్క రాలేదు. తనకు భయమేస్తుందంది.

గుండె డాక్టరు పేరు యశోద. నడివయసు మనిషి. వనజ ఛాతీ మధ్య పాత కోత చూసి, వివరాలన్నీ అడిగి, స్కానింగు చేసి, గుండె ఫొటో తీయించడానికి హైదరాబాదు పంపింది. అది అయ్యాక మళ్లీ రమ్మంది. రెండోసారి వెళ్లినప్పుడు వనజ ముఖానికి మాస్కు కట్టి, ఒంటినిండా వైర్లు అతికించి, కదిలే బెల్టు మీద నడవమన్నారు. బెల్టు వేగం పెరిగింది, ఎత్తు పెరిగింది. అద్దాల అవతల నుంచి రాంబాబు పిడికిలి బిగించి "నడు, నడు" అంటున్నాడు. ఆ మాట ఆమెకు వినబడదు. పెదవులు కనబడుతున్నాయి. ఇక చాలని ఆమె చెయ్యెత్తేసరికి చుట్టూ గోడలు నల్లబడుతున్నాయి.

తర్వాత డాక్టరు ముగ్గురినీ కూర్చోబెట్టి కాగితం మీద గుండె బొమ్మ గీసింది.

"చిన్నప్పుడు ఈ ఇరుకు దారిని వెడల్పు చేశారమ్మా. చెయ్యకపోతే నువ్వు బతికేదానివి కాదు. కానీ వెడల్పు చెయ్యాలంటే అక్కడున్న కవాటాన్ని కోయక తప్పలేదు. కవాటం లేదు కాబట్టి ఊపిరితిత్తులకు పంపిన రక్తంలో సగం దాకా వెనక్కి వచ్చేస్తోంది. వచ్చినదాన్ని మళ్లీ తోయాలి. ఇన్నేళ్లూ నీ గుండె కుడివైపు ఇద్దరి పని చేసింది. చేసీ చేసీ సాగిపోయింది. నీ వయసు అమ్మాయికి ఉండాల్సిన శక్తిలో నీకున్నది సగం కంటే కొంచెం ఎక్కువ, అంతే."

వనజ ఆ బొమ్మ వైపే చూస్తోంది.

"మేడం, ఒక్క మాట. నడుస్తుంటె ఛాతిల గుద్దుతది గద. ఊపిరి సగంల తెగుతది గద. అది అందరికి ఉండదా?"

"ఇంతగా ఉండదమ్మా."

"అందరికీ గిట్లనే ఉంటదనుకున్న. అందరు ఓర్చుకుంటున్నరు, నాకే ఓర్పు తక్వ అనుకున్న."

రాంబాబు కుర్చీలోంచి లేచి బయటికి వెళ్లిపోయాడు.

బొజ్జయ్యకు బొమ్మ అర్థం కాలేదు. ఆయనకు ఒకటే అర్థమైంది. అరచేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకుని ముందుకు వంగాడు.

"అప్పుడు బాగుచేసి ఇచ్చిన్రు గద మేడం. బాగైన గుండె మళ్ల ఎందుకు చెడింది? మేం ఏం పెట్టినం? ఏం పెట్టకపోతిమి?"

"మీరేం తప్పు చెయ్యలేదు పెద్దయ్యా. ఆ ఆపరేషను అలాంటిది. పిల్లలు పెరిగాక చాలామందికి ఇలా అవుతుంది. మధ్యలో చూపిస్తూ ఉండుంటే కొంచెం ముందే తెలిసేది." ఆ చివరి మాట అన్నాక ఆమె కొంచెం ఆగింది. "ఇప్పుడైనా ఆలస్యం కాలేదు. కొత్త కవాటం వేయించుకోవాలి."

"నడక ఇంకో మూడు వారాలే ఉంది మేడం," అంది వనజ.

"పరీక్ష నడక వద్దమ్మా. రోజూ నీ ఇష్టమైనంత నడువు, మంచిదే. అలిసినప్పుడు ఆగు. గడియారం పెట్టుకుని నడవకు. మధ్యలో గుండె లయ తప్పిందంటే ఏమవుతుందో నేను చెప్పలేను. వద్దని చెప్పడం వరకే నా పని. నిన్ను కట్టేయలేను."

తేదీ వాయిదా పడుతుందేమోనని వనజ పరీక్ష పెట్టేవాళ్ల సహాయ కేంద్రానికి ఫోను చేసింది. ఆ రోజు రాకపోతే రానట్టే అన్నారు. బొజ్జయ్య భద్రాచలం వెళ్లి, తెలిసిన పెద్దమనిషి ఒకాయన ద్వారా ఫారెస్టు ఆఫీసరును పట్టుకుని, మధ్యాహ్నం దాకా వరండాలో నిలబడ్డాడు. ఆ ఆఫీసరు ఓపిగ్గానే విన్నాడు. అడవిలో తిరిగే ఉద్యోగం కదా, నడవలేని మనిషికి ఎలా ఇస్తారని మెత్తగానే అడిగాడు. ఆ ప్రశ్న బొజ్జయ్యకు న్యాయంగానే తోచింది.

"పోవద్దు చెల్లె," అన్నాడు రాంబాబు నడకకు ముందురోజు సాయంత్రం. ఖమ్మం నుంచి వచ్చాక అతను ఆమె ముఖం వైపు సరిగా చూసి మాట్లాడింది లేదు. "నీ కాళ్లు మొక్కుత. ఇంకో కొలువు చూద్దాం."

"నిన్నమొన్నటిదాక పట్టుదల లేదంటివి. ఇయ్యాల పట్టుదల వద్దంటున్నవ్."

"నాకేం ఎరుక వనజా? నాకెట్ల తెలుస్తది చెప్పు?"

"నాకే తెల్వకపాయె. నీకెట్ల తెలుస్తది," అంది వనజ. అందులో కోపం లేదు. "ఒక్కసారి నడిచి చూస్త అన్నా. ఆగాల్సొస్తె ఆగుత. ఉరకను. నడవకుండ ఇంట్ల కూసుంటె, నడిస్తె అయ్యేదేమోనని బతికినన్ని రోజులు అనుకుంట."

ముత్తక్క వద్దనీ అనలేదు, వెళ్లమనీ అనలేదు. పొద్దున్నే జావ కాచి సీసాలో పోసి ఇచ్చింది.

నడక పెట్టిన రోడ్డు రెండు వైపులా టేకు చెట్లతో చాలా దూరం నిటారుగా కనబడుతుంది. అమ్మాయిలందరికీ ఛాతీ మీద నంబర్లు కట్టారు. ఆరోగ్యం బాగానే ఉందని సంతకం పెట్టమన్న చోట అందరితోపాటు వనజా పెట్టింది. ఈల మోగింది. ఆమె తొందరపడలేదు. ఊపిరి ఎంత ఇస్తే అంతే తీసుకుంటూ, చూపు ముందున్న సంగీత జడ మీద నిలిపి నడిచింది. ఎండ ఇంకా ఎక్కలేదు. మొదటి నాలుగు కిలోమీటరు రాళ్లు బాగానే దాటింది. తర్వాత జడ దూరమవడం మొదలైంది.

సంగీత వెనక్కి తిరిగి చూసింది. అడుగు తగ్గించింది. ఇద్దరూ మళ్లీ కలిశారు. కొంతదూరం పోయాక ఇంకోసారి అలాగే జరిగింది.

"నువ్వు పో," అంది వనజ, ఆ రెండు మాటలకే ఆయాసపడుతూ.

"కల్సే పోదామే. టైముంది."

"నాకోసం ఆగితె ఇద్దరిదీ పోతది. పో. నా మీద ఒట్టు."

సంగీత కళ్లనిండా నీళ్లతో ముందుకు కదిలింది. మలుపు తిరిగాక కనబడలేదు. ఆ వెనక ఒక్కొక్కరే వనజను దాటిపోయారు. ఆమె గొంతు దగ్గర నరం కొట్టుకుంటోంది. ఆగింది. ముల్లు లేదు, తెగిన చెప్పు లేదు. ఊరికే, రోడ్డు మధ్య నిలబడింది. ఊపిరి కుదుటపడ్డాక మళ్లీ నడిచింది. మళ్లీ ఆగింది.

ఆమె పడిపోలేదు. స్పృహ తప్పలేదు. అంబులెన్సు కేకలు పెట్టుకుంటూ రాలేదు. వెనక నుంచి ఒక జీపు నెమ్మదిగా వచ్చి పక్కన ఆగింది, అంతే. ఖాకీ బట్టల్లో ఉన్న ఒక మేడం దిగి మంచినీళ్లు ఇచ్చింది.

"టైమైపోయిందమ్మా. ఎక్కు."

"ఇంకెంత దూరముంది మేడం?"

"నాలుగు కిలోమీటర్లు. పర్లేదులే, ఎక్కు."

ఒంట్లో ఉన్నదంతా పెట్టి నడిచింది. ఇంకా నాలుగు మిగిలాయి. జీపు వెనక సీట్లో కూర్చుని వనజ దాన్నే అటూ ఇటూ తిప్పి ఆలోచించింది. ఎక్కడ ఇంకొంచెం గట్టిగా నడిచి ఉండాల్సిందో వెతికింది. ఆమెకు అలాంటి చోటు ఒక్కటీ దొరకలేదు.

చివర గేటు బయట రాంబాబు బండి పక్కన నిలబడి ఉన్నాడు. జీపు దిగుతున్న చెల్లెలిని చూసి ఏదో అనబోయి, హెల్మెట్ పెట్టుకున్నాడు. ఇల్లు చేరేదాకా తీయలేదు.

రెండు నెలల తర్వాత హైదరాబాదులో కొత్త కవాటం వేశారు. ఈసారి బొజ్జయ్య ఆమెను మొయ్యాల్సిన పని పడలేదు. అయినా స్ట్రెచరు తోసుకుపోతుంటే, దాని చువ్వ ఒక చేత్తో పట్టుకుని ఆపరేషను గది తలుపు దాకా నడిచాడు. అక్కడ వదలమన్నారు. వదిలాడు.

పాత కోత మీదే కొత్త కోత. మానడానికి వానాకాలమంతా పట్టింది. తర్వాత ఖమ్మంలో డాక్టరు యశోద మళ్లీ పరీక్షలన్నీ చేయించింది. పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టి చూపించింది. ఆమె ముఖం వెలిగిపోతోంది.

"చూశావా, సాగిన గది ఎంత చిన్నదైందో! కవాటం చక్కగా పని చేస్తోంది. చాలా బాగా కుదిరింది వనజా."

బొజ్జయ్య రెండు చేతులూ జోడించాడు.

"మరి నడక మేడం?" అంది వనజ. ఆ పొద్దున మళ్లీ మాస్కు కట్టుకుని బెల్టు మీద నడిచింది. చెయ్యెత్తిన చోటు తనకు గుర్తుంది. పోయినసారి కూడా అక్కడే ఎత్తింది.

డాక్టరు ఫొటోలు పక్కన పెట్టింది. "ఇంచుమించు అంతే ఉంది. గుండె బాగుపడినంతగా శక్తి పెరగదు, చాలామందికి. ఎందుకో మాకూ పూర్తిగా తెలియదు. పుట్టినప్పటి నుంచీ ఒళ్లు అలాగే అలవాటు పడిపోయింది. మెల్లమెల్లగా నడక పెంచుకుంటే కొంత రావచ్చు. కానీ ఒకటి గుర్తుపెట్టుకో. ఇంకా చెడిపోకుండా ఆపాం. అది చిన్న విషయం కాదు."

"అవ్ మేడం," అంది వనజ. చిన్న విషయం కాదని ఆమెకూ తెలుసు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని పాల్వంచ పొగగొట్టాలు కనబడేదాకా బయటికే చూసింది.

సంగీతకు కొలువు వచ్చింది. శిక్షణ అయ్యాక బీటు కూడా ములకలపల్లి వైపే పడింది. తునికాకు కాలంలో ఒకరోజు పొద్దున్నే ఖాకీ డ్రస్సులో, ఎర్ర స్కూటీ మీద వనజ వాళ్ల వాకిట్లో దిగింది. బొజ్జయ్య పాత అలవాటు కొద్దీ లేచి చేతులు కట్టుకోబోయి, పోల్చుకుని, సిగ్గుపడి నవ్వాడు. సంగీత బండి పక్కనే బూటు కొసతో మట్టి రాస్తూ నిలబడింది.

"నా బీట్ చూస్తవానే?" అంది చివరికి. "బండి మీద తీస్కపోత."

ముత్తక్క ఆకు కట్టలు కడుతూ కూతురి వైపు చూసింది. వనజ చేతులు దులుపుకుని లేచి బండెక్కింది.

బాట బాగున్నంతవరకూ బండి పోయింది. ఆ తర్వాత రాళ్లు, వాటి మీదుగా గుట్ట ఎక్కే సన్నటి దారి. సంగీత బండి ఆపి, ఆ దారి వైపు, వనజ వైపు చూసింది. ఇక్కడిదాకా తెచ్చేముందు ఇది తనకెందుకు తట్టలేదో ఆమెకు అర్థం కాలేదు.

"వాపస్ పోదాం పా," అంది.

"వద్దు. నీ డ్యూటీ ఉందిగా, పొయ్యిరా. నేనీడ కూసుంట."

"మెల్లగ పోదామే. ఆగుకుంట."

"ఈ గుట్ట నాతోని కాదు సంగీతా." వనజ ఆ మాట అనడం అదే మొదటిసారి. అన్నాక ఏదో తేలికవుతుందనుకుంది. ఏమీ తేలిక కాలేదు. "పో. ఎండెక్కుతది."

సంగీత వెళ్లింది. బూట్ల చప్పుడు కొంతసేపు వినబడింది. వనజ బండికి ఆనుకుని కూర్చుంది. ఎక్కడో ఆకు కోసేవాళ్లు ఒకరినొకరు పిలుచుకుంటున్నారు. నీడ బండి మీది నుంచి జరిగి రాళ్ల మీదికి పోయింది. ఆమె కూడా దానితోపాటు జరిగి కూర్చుంది.

చాలాసేపటికి సంగీత తిరిగొచ్చింది. చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది.

"అవతల ఏముంది?" అడిగింది వనజ.

"ఏముంటది, అడవే."

"వాగుల నీళ్లున్నయా?"

"ఉన్నయ్. మోకాలి మందం."

వనజ ఇంకేదో అడగాలనుకుంది. సంగీత తాళంచెవి తిప్పింది. వనజ లేచి, చీరకంటిన ఎండుటాకులు దులుపుకుని, ఆమె వెనక ఎక్కి కూర్చుంది.